థార్ ఇసుక కింద ఒక పొర

2006 ఆగస్టులో పశ్చిమ రాజస్థాన్‌లోని బార్మేర్ జిల్లాలో మూడు రోజులు కురిసిన వాన, అక్కడ మామూలు ఏడాది మొత్తంలో పడేదానికి దాదాపు రెట్టింపు. కవాస్, మల్వా లాంటి ఊళ్లు మునిగిపోయాయి. ఎడారికి వరద రావడం వినడానికి వింతే కానీ, అసలు వింత ఆ తరవాత జరిగింది. ఇసుక నేల కదా, నాలుగు రోజుల్లో ఇంకిపోతుందనుకున్న నీరు నెలలు గడిచినా కవాస్ చుట్టూ చెరువులా నిలిచే ఉంది. ఇసుక కింద జిప్సం పొర ఉంది. నీళ్లు దాన్ని దాటి కిందికి దిగలేకపోయాయి.

థార్ గురించి తెలుసుకోవడానికి ఇసుక తిన్నెల ఫొటోల కన్నా ఈ పొర ఎక్కువ పనికొస్తుంది. అక్కడ నీళ్లు తక్కువన్నది అందరికీ తెలిసిందే. పడిన ఆ కాస్త నీరు ఎక్కడ ఆగుతుంది, ఎన్నాళ్లు ఆగుతుంది అన్నదాన్ని బట్టే తిన్నె ఆకారం నుంచి పంట దాకా అన్నీ నిర్ణయమవుతాయి.

రుతుపవనాల దారిలోనే ఎడారి

థార్ విస్తీర్ణం సుమారు 2 లక్షల చదరపు కిలోమీటర్లు. అందులో 85 శాతం దాకా భారత్‌లో, మిగతాది పాకిస్తాన్‌లో ఉంది. తూర్పున ఆరావళి కొండలు, దక్షిణాన కచ్ రణ్, వాయవ్యాన సట్లెజ్, సింధు మైదానాలు హద్దులు. అంతా ఇసుకే అనుకోవద్దు. రాళ్లు తేలిన మెరకలు, గులకరాళ్ల మైదానాలు, వాననీరు చేరి ఎండి తెల్లగా ఉప్పు తేలే పల్లాలు కూడా చాలా ఉన్నాయి. చెప్పుకోదగ్గ నది లూనీ ఒక్కటే. అజ్మీర్ దగ్గర ఆరావళిలో పుట్టి, బాలోత్రా వరకు మంచినీటితో వచ్చి, అక్కడి నుంచి ఉప్పదేరి, సముద్రం చేరకుండానే కచ్ రణ్‌లో ఆగిపోతుంది. పేరులోనే లవణం ఉంది.

సహారా, అరేబియా ఎడారులకు చెప్పే కారణం థార్‌కు సగమే సరిపోతుంది. భూమధ్యరేఖ దగ్గర పైకి లేచిన గాలి 20 నుంచి 30 డిగ్రీల అక్షాంశాల మధ్య కిందికి దిగుతుంది. దిగేకొద్దీ ఒత్తిడికి వేడెక్కి, ఆరిపోయి, మబ్బు కట్టనివ్వదు. బాగానే ఉంది, కానీ ఇవే అక్షాంశాల్లో ఉన్న బెంగాల్, అస్సాం తడిసి ముద్దవుతాయి. పైగా మే, జూన్ నెలల్లో థార్ మీద, దానికి ఆనుకుని ఉన్న పాకిస్తాన్ మీద ఏర్పడే అల్పపీడనమే రుతుపవనాలను దేశంలోకి లాగే శక్తుల్లో ఒకటి. విందుకు పిలిచినవాడి విస్తరే ఖాళీగా మిగిలినట్టు ఉంటుంది ఈ వ్యవహారం.

ఎందుకలా? ఆ అల్పపీడనానికి లోతు లేదు. నేల కాగి పైకి లేచిన గాలి రెండు మూడు కిలోమీటర్లు ఎక్కేసరికి ఆగిపోతుంది. దాని మీద పడమటి నుంచి వచ్చే పొడి గాలి మూతలా కూర్చుని ఉంటుంది. అరేబియా సముద్రం మీదుగా వచ్చే తేమ గాలి పల్చటి పొరగా నేలను అంటుకుని వీస్తుందే తప్ప, ఆ మూతను తోసుకుని పైకి పోయి వానమబ్బు కాలేదు. ఎక్కించడానికి కొండైనా అడ్డం రావాలి. ఆరావళి ఉంది, కానీ నైరుతి నుంచి ఈశాన్యానికి, అంటే గాలి వీచే దిక్కుకు దాదాపు సమాంతరంగా పరుచుకుని ఉంది. గాలి కొండ పక్క నుంచి సాగిపోతుంది. ఇక బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే గాలి గంగా మైదానమంతా వాన కురిపిస్తూ వచ్చి, ఇక్కడికి చేరేసరికి వట్టిపోయి ఉంటుంది. అప్పుడప్పుడు బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం ఒకటి దారి తప్పకుండా రాజస్థాన్ దాకా వస్తే ఆ మూత పగులుతుంది. 2006 లాంటి వానలు పడేది అప్పుడే.

భారత వాతావరణ శాఖ 2020లో సవరించిన తేదీల ప్రకారం రుతుపవనాలు దేశం చివరి అంచు అయిన ఈ ప్రాంతాన్ని జులై 8 నాటికి చేరతాయి, సెప్టెంబరు 17కు ఇక్కడి నుంచే వెనుదిరగడం మొదలుపెడతాయి. లెక్కగడితే డెబ్బై రోజుల పైచిలుకు. ఆరావళి పాదాల దగ్గర ఏడాదికి 500 మి.మీ. పడే వాన, పడమర సరిహద్దుకు వెళ్లేసరికి 100 మి.మీ.కు పడిపోతుంది. సగటుకు అటూ ఇటూ సగానికి సగం తేడా రావడం మామూలే కాబట్టి ఇక్కడ సగటు అన్న మాటకు పెద్ద విలువ లేదు. నేల నుంచి, నీటి నుంచి ఆవిరై పోగల తేమ మాత్రం ఏటా 1,500 నుంచి 2,000 మి.మీ., ఒక్కోచోట అంతకు మించి. ఆదాయానికి పదింతల ఖర్చు.

వేడి సంగతి ఒక్క అంకెతో సరిపెట్టవచ్చు: ఫలోదీలో 2016 మే 19న నమోదైన 51 డిగ్రీల సెల్సియస్ దేశంలోనే రికార్డు. అదే ఎడారి ఈశాన్య కొసన ఉన్న చురూలో వేసవి కొన్నిసార్లు 50 డిగ్రీలు దాటుతుంది, జనవరిలో కొన్ని తెల్లవారుజాముల్లో సున్నా కిందికి దిగుతుంది. గాలిలో తేమ లేనప్పుడు రాత్రి నేల వేడిని పట్టి ఉంచే దుప్పటి లేనట్టే.

ఇసుక నీటిని దాస్తుంది

తడి ప్రాంతాల్లో బంకమట్టి మంచి నేల, ఇసుక పనికిరాని నేల. ఎడారిలో ఇది తలకిందులు. 10 మి.మీ. వాన పడిందనుకుందాం. ఇసుక తన పరిమాణంలో పదో వంతు నీటిని మాత్రమే పట్టుకోగలదు కాబట్టి ఆ నీరు 10 సెంటీమీటర్ల లోతుకు దిగుతుంది. బంకమట్టి మూడో వంతు దాకా పట్టుకుంటుంది, అందుకని అదే వాన అక్కడ మూడు సెంటీమీటర్లు దాటదు. మర్నాటి ఎండకు ఆ మూడు సెంటీమీటర్లూ ఆరిపోతాయి. ఇసుకలో పై నాలుగు వేళ్ల మందం ఆరిపోగానే అదే మూతగా మారుతుంది. పొడి ఇసుక రేణువుల మధ్య సందులు పెద్దవి కాబట్టి కింది తేమ దీపం వత్తిలో నూనెలాగా పైకి పాకలేదు. ఎండాకాలంలో తిన్నెను మోచేతి లోతు తవ్వితే చల్లగా, ముద్దకు వచ్చేంత తడిగా ఇసుక దొరకడానికి కారణం ఇదే.

మిడతలకు ఈ సంగతి బాగా తెలుసు. ఆడ మిడత పొట్టను సాగదీసి, 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతున తడి తగిలితేనే గుడ్లు పెడుతుంది. 2019లో రుతుపవనాలు అక్టోబరు 9 దాకా ఇక్కడి నుంచి కదల్లేదు. మే నెలలోనే జైసల్మేర్ వైపు చేరిన మిడతలకు తడి ఇసుక అంతకాలం దొరకడంతో తరం మీద తరం పుట్టుకొచ్చింది, ఆ చలికాలం పంటలు నష్టపోయాయి. చదరపు కిలోమీటరు మేర పరచుకున్న దండులో 4 కోట్ల నుంచి 8 కోట్ల మిడతలుంటాయి. మంచి వాన పడ్డ ఏడాది ఎడారికి మంచి ఏడాదే అని చెప్పలేం.

ఇక తిన్నెల ఆకారం. నెలవంక ఆకారపు తిన్నె కొమ్ములు గాలి వెళ్లే వైపు సాగి ఉంటే అది కదులుతున్న తిన్నె. గాలి వచ్చే వైపు వాలు మెల్లగా ఎక్కుతుంది, అవతలి వైపు 32 నుంచి 34 డిగ్రీల నిటారుతో ఇసుక జారుతూ ఉంటుంది. థార్‌లో ఎక్కువగా కనిపించేవి దీనికి తిరగబడిన రకం. వాటి చేతులు గాలి వచ్చే నైరుతి దిక్కుకు చాచి ఉంటాయి. అంచులను గడ్డి, పొదలు పట్టి ఆపగా మధ్య భాగం మాత్రం గాలికి ముందుకు పోయిందన్నమాట. ఇవి పాతవి, చాలావరకు స్థిరపడినవి. వాటి నెత్తిన, ఊళ్ల చుట్టూ కొత్తగా చిన్న నెలవంకలు లేస్తున్నాయంటే అక్కడ మొక్కల పట్టు తెగిందని అర్థం.

తిన్నెను కట్టడి చేసే పద్ధతి జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ దశాబ్దాలుగా వాడుతున్నదే. ముందు కంచె వేసి పశువులను ఆపాలి. వానలకు ముందే, స్థానికంగా దొరికే ఎండు కంపను గాలి వచ్చే వైపు వాలు మీద ఐదు మీటర్ల గళ్లుగా పాతాలి. తొలి వానల తరవాత ఆ గళ్లలో మొక్కలు, మధ్యలో సేవణ్ గడ్డి దుబ్బులు నాటాలి. తరచు జరిగే తప్పులు రెండు. శిఖరం దగ్గర ఆర్భాటంగా కంప పాతి, గాలి మొదట తాకే పాదం దగ్గర వదిలేయడం ఒకటి. అక్కడి నుంచి లేచిన ఇసుక మొక్కలన్నిటినీ పూడ్చేస్తుంది. చెట్లను దగ్గర దగ్గరగా నాటడం రెండోది. అవి తిన్నె దాచుకున్న తడినంతా తాగేస్తాయి, కింద గడ్డి చస్తుంది. ఇసుకను నిజంగా పట్టి ఉంచేది ఆ గడ్డే.

జమ్మి, ఫోగ్, సర్కారు తుమ్మ

ఎడారి రైతు ప్రాణంలా చూసుకునే ఖేజ్డీ మరేదో కాదు, మన జమ్మి చెట్టే. తెలంగాణకూ రాజస్థాన్‌కూ రాష్ట్ర వృక్షం ఇదే. వేరు ఇరవై మీటర్లకు మించి దిగుతుంది. అందుకే మిగతా చెట్లు ఆకు రాల్చే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇది చిగురిస్తుంది. సజ్జ, గోరుచిక్కుడు పొలాల మధ్య దీన్ని ఉంచుతారు. నీడ పల్చగా ఉంటుంది, పై మట్టిలోని తేమ కోసం పంటతో పోటీ పడదు, నేలకు నత్రజని చేరుస్తుంది. చలికాలం మొదట్లో కొమ్మలు నరికి ఆకును మేతకు దాస్తారు. కాయలు కూరకు. ఈ చెట్ల కోసమే 1730లో ఖేజడ్లీ గ్రామంలో అమృతాదేవి సహా 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు.

ఇంత గట్టి చెట్టు కూడా ఇప్పుడు చాలాచోట్ల నిలువునా ఎండిపోతోంది. బోర్లతో భూగర్భజలం దిగిపోయింది. ఏటా మరీ మోడుగా నరకడంతో చెట్టు సత్తువ తగ్గింది. ట్రాక్టరు నాగలి పక్క వేళ్లను కోస్తే ఆ గాయాల్లోంచి వేరు తొలిచే పురుగు, శిలీంధ్రం చొరబడతాయి. పాత కర్రనాగలి మొక్కను తప్పించుకుని పోయేది. ట్రాక్టరుకు ఆ ఓపిక లేదు. ఆకుల్లేని పచ్చని పుల్లలతో తిన్నెను అల్లుకుని పట్టుకునే ఫోగ్ పొద, ఇరవై ఏళ్లు బతికే సేవణ్ గడ్డి దుబ్బు దాని దెబ్బకు మొదట పోయేవి. ఫోగ్ వేరు మంచి బొగ్గవుతుంది కూడా, అది దాని దురదృష్టం.

ఖాళీ అయిన చోటును నింపింది సర్కారు తుమ్మ. పేరే దాని చరిత్ర చెబుతుంది. అమెరికా ఖండం నుంచి తెచ్చిన ఈ చెట్టును జోధ్‌పూర్ సంస్థానం 1940లో రాజవృక్షంగా ప్రకటించి కాపాడింది. వంటచెరకు ఇచ్చిన మాట నిజమే. కాయలు తిన్న పశువులు గింజలను పేడలో ఊరూరా మోశాయి, నరికిన మోడు నాలుగింతలై చిగురిస్తుంది, దాని గుబురు కింద గడ్డి మొలవదు.

నీళ్లు తాగని జంతువులు

మే నెల మధ్యాహ్నం ఇసుక పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది. అందుకని ఇక్కడ బతకడమంటే చాలా జీవులకు బొరియలో ఉండడమే. సాండా అనే ముళ్లతోక బల్లి మీటరుకు పైగా లోతున్న బొరియలోకి దిగి, లోపలి నుంచి మట్టితో ద్వారం మూసుకుంటుంది. అలా పాము రాదు, లోపలి తేమ బయటికి పోదు. ఆకులు తిని బతికే బల్లి కావడం వల్ల సంఖ్యలో ఎక్కువగా ఉండి, డేగలకు, గద్దలకు, నక్కలకు ప్రధాన ఆహారమవుతుంది. మూసిన ద్వారమే వేటగాడికి గుర్తు కూడా. మందుగా ఏ పనికీ రాని నూనె కోసం వేలకొద్దీ తవ్వి చంపారు.

చిన్న పింజరి బెదిరించేటప్పుడు బుసకొట్టదు. ఒళ్లు చుట్టుకుని రంపపు పళ్లలాంటి పొలుసులను ఒకదానితో ఒకటి రాసి గరగరమనిపిస్తుంది. బుసతో పోయే ఊపిరి తేమ కూడా దానికి ఖర్చే. లోంగేవాలా పేరు పెట్టుకున్న ఒక చిన్న తొండ ప్రమాదం చూడగానే ఒళ్లు వణికించి క్షణాల్లో ఇసుకలో మునిగిపోతుంది. దానికి కదిలే, మెత్తని ఇసుకే కావాలి. తిన్నెలన్నిటినీ చెట్లతో కట్టేయడం ఎడారి బాగు కోసమేనని అనుకునేవారు దీన్ని మరిచిపోతారు. చింకారా అనే చిన్న జింక నెలల తరబడి నీటిగుంట ముఖం చూడకుండా ఆకుల్లోని తేమతో, తెల్లవారుజామున మేతకు పట్టిన మంచుతో సరిపెట్టుకుంటుంది.

ఒంటె మూపురంలో నీళ్లుంటాయన్నది ఇప్పటికీ పోని అపోహ. అందులో ఉండేది కొవ్వు. నీటి పొదుపు వేరే చోట ఉంది. దాహంతో ఉన్న ఒంటె తన ఒంటి వేడిని తెల్లవారుజామున 34 డిగ్రీల నుంచి సాయంత్రానికి 40 దాకా పెరగనిస్తుంది. 500 కిలోల శరీరం ఆరు డిగ్రీలు వేడెక్కనివ్వకుండా చెమటతో ఆపాలంటే దాదాపు ఐదు లీటర్ల నీరు ఖర్చవుతుంది. పగలు దాచుకున్న ఆ వేడిని రాత్రి చలికి ఊరికే వదిలేస్తుంది. దొరికినప్పుడు వంద లీటర్లు పది, పదిహేను నిమిషాల్లో తాగుతుంది. ఇంతటి జంతువు దేశంలో 2012 పశుగణనలో 4 లక్షలుంటే, 2019కి 2.5 లక్షలకు తగ్గింది. రోడ్లు, ట్రాక్టర్లు దాని పనిని తీసుకున్నాయి. వధను, రాష్ట్రం దాటించడాన్ని నిషేధిస్తూ రాజస్థాన్ 2015లో తెచ్చిన చట్టంతో మగ ఒంటె పిల్లలను కొనేవాడు లేకుండా పోయాడు. కాపాడబోయి పెంచేవాడికి పెంచే కారణం లేకుండా చేశారు.

బట్టమేక పక్షి కథ ఇంకా కష్టం. దేశంలో మిగిలినవి 150 లోపే, అందులో ఎక్కువ జైసల్మేర్ చుట్టూ. ఏడాదికి మామూలుగా ఒకే గుడ్డు, అదీ నేల మీద. 1980లో ఏర్పాటైన 3,162 చదరపు కిలోమీటర్ల ఎడారి జాతీయ ఉద్యానం దీని ప్రధాన ఆశ్రయం. ఈ జాతి పక్షులకు కళ్లు తల పక్కలకు ఉంటాయి. మేత కోసం తల వంచి ఎగిరేటప్పుడు ఎదురుగా ఉన్నది కనబడదు. పదిహేను కిలోల దాకా ఉండే బరువుతో చివరి క్షణంలో పక్కకు తిరగడం కూడా కుదరదు. సౌర, పవన విద్యుత్తును మోసే తీగలు సరిగ్గా వీటి దారుల్లో పడ్డాయి. ఉద్యానం చుట్టూ 4,200 చదరపు కిలోమీటర్లలో అన్ని జాతులూ కలిపి ఏటా 84 వేల పక్షులు తీగలకు తగిలి చస్తున్నాయని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది. 2019 నుంచి గుడ్లు సేకరించి, పొదిగించి, కేంద్రాల్లో పిల్లలను పెంచుతున్నారు. వాటిని వదలాల్సిన ఆకాశంలో తీగలు అలాగే ఉంటే ఆ శ్రమ సగంలో ఆగినట్టే.

టాంకా, ఖడీన్, బేరీ

మనుషుల లెక్క కూడా ఇలాంటిదే. ఇంటి దగ్గర తవ్వే టాంకా, అంటే వాననీటి తొట్టి, మూడు మీటర్ల వ్యాసం, మూడు మీటర్ల లోతు ఉంటే 21 వేల లీటర్లు పడుతుంది. ఆరుగురున్న ఇంటికి తాగడానికి, వంటకు రోజుకు 60 లీటర్ల చొప్పున 350 రోజులు. చుట్టూ 30 మీటర్ల వ్యాసంతో నేలను గట్టిగా దిమ్మిస చేసి, మధ్యకు కొద్దిగా వాలు ఇస్తారు. దీన్ని ఆగోర్ అంటారు. పడిన వానలో మూడో వంతుకు కాస్త తక్కువే పారినా, 100 మి.మీ. వానకు టాంకా నిండుతుంది. కరువేడు కూడా గట్టెక్కే లెక్క ఇది. చెడేదెక్కడంటే, ఆగోర్‌లోకి మేకలు రావడం, నీరు దిగే కంత ముందున్న పూడిక గుంటను వానలకు ముందు శుభ్రం చేయకపోవడం, వేసవిలో టాంకాను పూర్తిగా ఎండనివ్వడం. ఎండితే లోపలి గచ్చు పగులుతుంది.

జైసల్మేర్ ప్రాంతంలో పాలీవాల్ బ్రాహ్మణులు 15వ శతాబ్దంలో అభివృద్ధి చేసిన ఖడీన్ ఇంకా పెద్ద ఎత్తు. రాతి నేల మీద పారే వాన నీటికి పల్లంలో మట్టికట్ట అడ్డం వేస్తారు. పొలానికి పదిహేనింతల విస్తీర్ణం నుంచి, పడినదాంట్లో మూడో వంతుకు కాస్త తక్కువే పారి చేరినా, 200 మి.మీ. పడే చోట పొలానికి దాదాపు వెయ్యి మి.మీ. పడినట్టే. నీరు ఇంకాక ఆ తడి మీదే గోధుమ, శనగ పండుతాయి, మళ్లీ తడి పెట్టనక్కర్లేదు. కట్ట అడుగున తూము ఉండాలి. విత్తే ముందు మిగిలిన నీటిని వదిలేస్తే దానితో ఉప్పు కొట్టుకుపోతుంది. తూము పూడిపోయిన ఖడీన్ కొన్నేళ్లకు చవుడు తేలుతుంది.

మొదట చెప్పిన జిప్సం పొర మంచి పేరు తెచ్చుకునేది బేరీల్లో. ఆ పొర ఉన్న చోట ఇసుకలోకి ఇంకిన వాన కిందనున్న ఉప్పు నీటిలో కలవకుండా పొర మీదే చెమ్మగా ఆగుతుంది. దాని దాకా ఇరుకు మూతితో బావి తవ్వుతారు. పక్కల నుంచి చుక్కచుక్కగా ఊరి, రాత్రంతా చేరితే తెల్లారికి కొన్ని బిందెలు. తవ్వేవాడు తొందరపడి పొరకు చిల్లు పెట్టాడా, తీపి నీరు కిందికి జారిపోతుంది. ఆ బావి పని అంతటితో సరి.

పొర మీదికి కాలువ

సట్లెజ్, బియాస్ కలిసే హరికే దగ్గర మొదలయ్యే ఇందిరాగాంధీ కాలువ పని 1958లో ప్రారంభమైంది. మొత్తం పొడవు 649 కిలోమీటర్లు. 1987 నాటికి నీరు జైసల్మేర్ జిల్లా దాకా చేరింది. గంగానగర్, హనుమాన్‌గఢ్, బీకానేర్ వైపు గోధుమ, పత్తి పండాయి, ఊళ్లకు తాగునీరు వచ్చింది. దీన్ని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. నీళ్లు మోసుకురావడానికి రోజూ మైళ్లు నడిచిన ఇంటి ఆడవాళ్లకు ఆ కాలువ ఏమిటో తెలుసు.

కానీ ఏడాదికి డెబ్బై రోజుల తడికి అలవాటుపడ్డ నేలలోకి పన్నెండు నెలల నీరు వచ్చింది. కింద చాలాచోట్ల జిప్సం, బంక, సున్నపురాయి గడ్డకట్టిన గట్టి పొరలున్నాయి. పొలానికి ఎక్కువగా పెట్టిన నీరు, కాలువ గట్ల నుంచి ఊరిన నీరు పొర మీద పేరుకుని, కొన్ని ప్రాంతాల్లో ఏడాదికి దాదాపు మీటరు చొప్పున పైకి వచ్చింది. నీటిమట్టం నేలకు రెండు మీటర్ల లోపుకు వస్తే ఎండ దాన్ని మట్టి సందుల గుండా పైకి లాగుతుంది. నీరు ఆవిరవుతుంది, కరిగి వచ్చిన ఉప్పు పైన మిగులుతుంది. అక్కడివారు దీన్ని సేమ్ అంటారు. సేమ్ పట్టిన పొలంలో మొదట గోధుమ పసుపెక్కుతుంది, తరవాత తెల్లటి పొర, ఆఖరికి రెల్లు, మడుగు. జంతువులూ మారాయి. కాలువ వెంట నీల్గాయి, అడవిపంది, తేమ నేలల ఎలుకలు వచ్చాయి. పొడి గడ్డినేల కావాల్సిన బట్టమేక వెనక్కి జరిగింది. అంతకుముందు అరుదైన మలేరియా దోమకు ఏడాదంతా నిలవ నీరు దొరికింది. 1994లో ఈ ప్రాంతాన్ని మలేరియా తీవ్రంగా కుదిపేసింది.

సేమ్‌కు నేల అడుగున గొట్టాలు వేసి నీటిని బయటికి లాగడం సాంకేతికంగా సరైన విరుగుడే. అయితే లాగిన ఉప్పు నీటిని పంపడానికి పల్లం, నది, సముద్రం ఏదీ దగ్గర లేదు. అందుకని కాలువ గట్ల పక్క నీలగిరి, శీషం చెట్లను వరసలుగా పెంచారు. గట్టు పక్క ఊరిన నీటిని అవి బాగానే తాగాయి, మట్టం మీటర్ల లెక్కన దిగిన చోట్లున్నాయి. కాలువ నీరు మంచినీరు కాబట్టి గట్టు దగ్గర ఇది నడుస్తుంది. పొలాల్లో ఉప్పదేరిన నీటి దగ్గర నడవదు. చెట్టు నీటిని తీసుకుని ఉప్పును వేళ్ల దగ్గరే వదిలేస్తుంది, పది పదిహేనేళ్లకు ఆ ఉప్పే చెట్టును ఎండబెడుతుంది. అక్కడ చేయగలిగింది నీరు పెట్టేటప్పుడే తగ్గించడం: తడికీ తడికీ మధ్య రోజులు పెంచడం, పారకం వదిలి తుంపరకు మారడం, వరి, పత్తి స్థానంలో శనగ, ఆవాలు వేయడం. కాలువ తల దగ్గర వంతు దండిగా వచ్చే రైతు వీటికి ఒప్పుకోవాలి, తోక దగ్గర వంతు అందని రైతు కోసం.